లోకల్ అంటే ఎక్కడ?

బజారులో నాసిరకం, సినిమాలో మొనగాడు, దరఖాస్తు ఫారంలో జీవితం. ఒకే ఇంగ్లీషు మాట తెలుగునాట మోస్తున్న బరువు ఇంతా అంతా కాదు.

ముప్పయ్యేళ్లు దాటిన మనిషి తాను రెండో తరగతి చదివిన బడికి మళ్లీ ఎందుకు వెళ్తాడు? పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి మాత్రం కాదు, స్టడీ సర్టిఫికెట్ కోసం. తెలంగాణలో 2022లో గ్రూప్-1 నోటిఫికేషన్ వెలువడ్డాక వేలమంది ఉద్యోగార్థులకు ఈ పని తప్పలేదు. ఒకటో తరగతి నుంచి ఏడో తరగతి దాకా ఏ ఏడాది ఏ ఊళ్లో చదివిందీ కాగితం మీద చూపించాలి. సర్కారు బడి అయితే పాత రిజిస్టర్లు తిరగేయాలి. ఎప్పుడో మూతపడిన ప్రైవేటు బడి అయితే నివాస ధ్రువపత్రం కోసం తహసీల్దారు కార్యాలయం మెట్లెక్కాలి. ఇంత తిరుగుడూ దరఖాస్తులో ఒకే ఒక్క గడి నింపడానికి: లోకలా, నాన్‌లోకలా?

పుట్టింట్లో ఈ మాట ఇంత గడుసుది కాదు. లాటిన్‌లో లోకస్ అంటే చోటు. అందులోంచి వచ్చిన లోకల్‌కు ఇంగ్లీషువాడి వాడుకలో 'ఆ చోటికి చెందిన' అనే అర్థం తప్ప వేరే గొడవ లేదు. బ్రిటన్‌లో సాయంత్రం పూట 'లోకల్‌కు వెళ్తున్నా' అంటే ఇంటి పక్క మద్యశాలకు వెళ్తున్నాడని. అమెరికాలో కార్మిక సంఘం శాఖను లోకల్ అంటారు, ప్రతి స్టేషన్‌లో ఆగే రైలునూ లోకల్ అంటారు. డాక్టరు 'లోకల్ ఇస్తాను' అంటే కోయబోయే చోటు మాత్రమే మొద్దుబారుతుంది, మనిషి మెలకువగానే ఉంటాడు. అన్నిచోట్లా అర్థం ఒకటే, దగ్గరిది, చిన్నది, పరిమితమైనది.

ఇండియాకు వచ్చాక ఆ మాటకు ఒక్కో వీధిలో ఒక్కో వేషం వేశారు. ముంబైలో లోకల్ అంటే రైలు, అంతే. 1853 ఏప్రిల్ 16న బోరీబందర్ నుంచి ఠాణేకు దేశంలో మొదటి ప్రయాణికుల రైలు నడిచింది. 1925 ఫిబ్రవరి 3న విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లాకు మొదటి కరెంటు రైలు కదిలింది. ఇప్పుడు మహానగరం ఆ పట్టాల మీదే బతుకుతోంది. విచిత్రమేమిటంటే లోకల్ ఎక్కేవాళ్లలో ఎంతమంది 'లోకల్' అన్న గొడవ ఆ నగరంలోనే అందరికంటే ఎక్కువ. కాకపోతే మనిషి దగ్గరికి వచ్చేసరికి మరాఠీవాళ్లు ఆ ఇంగ్లీషు మాట జోలికి పోరు, 'భూమిపుత్ర' అంటారు. తెలుగువాళ్లు మాత్రం రైలుకూ మనిషికీ కూడా లోకల్‌నే వాడుకుంటున్నారు.

ఒకప్పుడు ప్రతి సందు మొగలోనూ పసుపుపచ్చ బోర్డు మీద ఈ మాట కనిపించేది. లోకల్, ఎస్టీడీ, ఐఎస్‌డీ. ఆ మూడింటి మధ్య తేడా జేబుకు తెలిసేది. దేశంలో తొలి ఎస్టీడీ లైను కాన్పూర్, లక్నోల మధ్య 1960లో వచ్చింది. అప్పటి నుంచి నాలుగున్నర దశాబ్దాలు ఫోను విషయంలో లోకల్ అంటే చవక. టెలిఫోన్ శాఖ గీసిన గీతకు ఇవతల ఉంటే లోకల్, అవతల ఉంటే మీటరు పరుగు. 2006 మార్చిలో నిమిషానికి రూపాయికే దేశంలో ఎక్కడికైనా మాట్లాడే 'వన్ ఇండియా' పథకం వచ్చాక ఆ గీత చెరగడం మొదలైంది. టెలిఫోను వరకు దేశం ఒకటైపోయింది. ఉద్యోగం వరకు కాలేదు.

బజారులో ఆ మాట పరువు వేరు. 'అది లోకల్ సరుకు' అని దుకాణదారు పెదవి విరిస్తే నాసిరకమని, కంపెనీది కాదని అర్థం. చెన్నైలో మనిషిని లోకల్ అంటే మర్యాద తెలియనివాడనే. హైదరాబాద్ కాలేజీల్లోనూ చాలాకాలం అదే అర్థం నడిచింది. సినిమావాళ్లు దాన్ని తిరగేశారు. 2017లో నాని హీరోగా 'నేను లోకల్' వచ్చేనాటికి అది తలెత్తుకుని చెప్పుకునే మాటైంది. 2020 మే 12న కోవిడ్ లాక్‌డౌన్ మధ్య ప్రధాని నరేంద్ర మోడీ జాతినుద్దేశించి మాట్లాడుతూ లోకల్ వస్తువుల కోసం గొంతెత్తమని పిలుపునిచ్చారు. దాంతో నాసిరకం కాస్తా దేశభక్తి అయింది. మాటల చరిత్రలో ఇంత వేగంగా పదోన్నతి పొందినవి తక్కువ.

పరిపాలనలో దీనికి మరో కథ ఉంది. 1882 మేలో వైస్రాయ్ రిపన్ చేసిన తీర్మానంతో 'లోకల్ సెల్ఫ్ గవర్నమెంట్' మన పాలనలో స్థిరపడింది. 'స్థానిక స్వపరిపాలన' దానికి మనం చేసుకున్న తర్జుమా. 1993లో అమల్లోకి వచ్చిన 73, 74 రాజ్యాంగ సవరణలు పంచాయతీలకూ మునిసిపాలిటీలకూ ప్రాణం పోశాయి. సర్పంచ్ కావాలంటే ఆ పంచాయతీలో ఓటరై ఉండాలి. అదే ఎమ్మెల్యేకు రాష్ట్రంలో ఎక్కడ ఓటున్నా చాలు, లోక్‌సభకైతే సాధారణంగా దేశంలో ఎక్కడున్నా చాలు. రాజ్యసభ సభ్యుడికి ఒకప్పుడు సంబంధిత రాష్ట్రంలో ఓటు ఉండాలన్న నియమం ఉండేది. ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని 2003లో సవరించి దాన్నీ తీసేశారు. అది సబబేనని సుప్రీంకోర్టు 2006లో కుల్‌దీప్ నయ్యర్ కేసులో తేల్చింది. అంటే రాష్ట్రాల సభలో కూర్చునే పెద్దమనిషి ఆ రాష్ట్రంవాడు కానక్కర్లేదు. అతని చేతిలో ఉండే నిధుల పథకం పేరులో మాత్రం 'లోకల్ ఏరియా' ఉంటుంది. మండలాఫీసులో గుమాస్తా కావాలనుకునేవాడు మాత్రం తాను ఎక్కడివాడో తరగతి వారీగా రుజువు చేసుకోవాలి. పదవి చిన్నదయ్యేకొద్దీ లోకల్ నిబంధన బిగుసుకోవడం మన ప్రజాస్వామ్యం ప్రత్యేకత.

గుమాస్తా ఉద్యోగానికి ఈ పట్టింపు ఎందుకొచ్చిందో తెలియాలంటే ఇంకో మాట దగ్గరికి వెళ్లాలి. అది ఉర్దూ. ముల్క్ అంటే దేశం, ముల్కీ అంటే దేశీయుడు. ఉత్తరాది నుంచి వచ్చిన అధికారులు హైదరాబాద్ సంస్థానంలో కొలువులన్నీ చేజిక్కించుకుంటున్నారని స్థానికులు గోలపెట్టగా నిజాం ప్రభుత్వం 1919లో ముల్కీ నిబంధనలు పెట్టింది. పదిహేనేళ్లు సంస్థానంలో ఉండాలి, సొంతూరికి తిరిగి వెళ్లే ఉద్దేశం లేదని రాసివ్వాలి. అప్పుడే ముల్కీ. పోలీసు చర్య తర్వాత బయటి నుంచి ఉద్యోగులు వచ్చి చేరడంతో 1952లో హైదరాబాద్ వీధుల్లో గైర్ ముల్కీ వ్యతిరేక ఆందోళన రేగింది, పోలీసు కాల్పుల దాకా వెళ్లింది. 1956లో ఆంధ్ర, తెలంగాణ నాయకులు కుదుర్చుకున్న పెద్దమనుషుల ఒప్పందంలోనూ ఉద్యోగాలకు నివాస నియమం ఉంది. దానికి చట్టం అండ కోసం పార్లమెంటు 1957లో ఒక చట్టం చేసింది.

ఆ చట్టం కోర్టులో నిలవలేదు. నివాస నియమం పెట్టాలంటే రాష్ట్రం మొత్తానికి పెట్టవచ్చు గాని రాష్ట్రంలో ఒక ముక్కకు పెట్టడానికి రాజ్యాంగంలోని 16(3) అధికరణ ఒప్పుకోదని 1969లో సుప్రీంకోర్టు అన్నది. అప్పటికే తెలంగాణ రగులుతోంది, రక్షణలు అమలు కావడం లేదని. నాలుగేళ్లు తిరక్కుండానే, 1972 అక్టోబరులో, పాత నిజాం నాటి ముల్కీ నిబంధనలు చెల్లుతాయని అదే సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఈసారి ఆంధ్ర ప్రాంతం భగ్గుమంది. సొంత రాజధానిలో మేం పరాయివాళ్లమా అన్నది అక్కడి ప్రశ్న. జై ఆంధ్ర ఉద్యమం ధాటికి 1973 జనవరిలో పీవీ నరసింహారావు ప్రభుత్వం పోయి రాష్ట్రపతి పాలన వచ్చింది. ఒకే నిబంధన. ఉంచలేదని ఒక ఉద్యమం, ఉంచారని ఇంకో ఉద్యమం.

ఢిల్లీ కనిపెట్టిన మందు 1973 సెప్టెంబరు నాటి ఆరు సూత్రాల పథకం. ముల్కీ అన్న మాటను తీసేసి దాని చోట 'లోకల్ క్యాండిడేట్'ను పెట్టారు. దానికోసం 32వ రాజ్యాంగ సవరణ చేసి 371-డి అధికరణ చేర్చారు. 1975 అక్టోబరు 18న రాష్ట్రపతి ఉత్తర్వులు వెలువడ్డాయి. పైకి చూస్తే పేరు మార్పే గాని తెలివంతా అందులోనే ఉంది. ముల్కీ రాష్ట్రాన్ని రెండుగా చీల్చింది. లోకల్ దాన్ని ఆరు జోన్లు చేసింది. ఇక అందరూ ఎక్కడో ఒకచోట లోకల్, మిగతా ఐదుచోట్లా నాన్‌లోకల్. శ్రీకాకుళం కుర్రాడు హైదరాబాద్‌లోనే కాదు, విజయవాడలోనూ పరాయివాడే. నొప్పిని అందరికీ సమానంగా పంచితే ఎవరూ ప్రత్యేకంగా అరవరన్న లెక్క కాబోలు.

ఆ ఉత్తర్వుల్లో ఇంకో విశేషం, లోకల్ కావడానికి పుట్టుకతో పనిలేదు, అమ్మానాన్నల ఊరితో పనిలేదు, మాట్లాడే యాసతో అసలే పనిలేదు. బడే కొలబద్ద. ఉద్యోగానికి కావలసిన కనీస పరీక్ష రాసిన ఏడాదితో ముగిసే నాలుగేళ్లు వరుసగా ఒకేచోట చదివితే అక్కడ లోకల్. అలా కుదరకపోతే ఏడేళ్ల చదువు తీసుకుని ఎక్కడ ఎక్కువ కాలం గడిస్తే అక్కడ. నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా సర్టిఫికెట్లు అడిగే ఆచారం ఇక్కడి నుంచి వచ్చిందే. గుమాస్తా స్థాయి ఉద్యోగాల్లో 80 శాతం, ఆపై నాన్‌గెజిటెడ్ కొలువుల్లో 70 శాతం, కొన్ని గెజిటెడ్ పోస్టుల్లో 60 శాతం లోకల్ అభ్యర్థులకు. సచివాలయం, శాఖాధిపతుల కార్యాలయాలు మాత్రం దీని పరిధిలోకి రావు.

చదువులకు వేరే ఉత్తర్వు, 1974లోనే వచ్చింది. 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకు. కాకపోతే ఇక్కడ జోన్లు ఆరు కాదు, విశ్వవిద్యాలయాల లెక్కన మూడు: ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవెంకటేశ్వర. గీతలు వేరైనప్పుడు వింతలు తప్పవు. నెల్లూరునే తీసుకోండి. చదువుకు రాయలసీమ జిల్లాలతో కలిసి తిరుపతి వైపు లోకల్. ఉద్యోగానికి గుంటూరు, ప్రకాశం జిల్లాలతో కలిసి మూడో జోన్‌లో లోకల్. అదే జిల్లా, అదే కుర్రాడు. డిగ్రీ చేతికొచ్చేసరికి అతని స్థానికత ఉత్తరానికి జరిగిపోతుంది.

కాగితం మీది శాతాలు నేల మీద అమలు కాలేదన్నది తెలంగాణ పాత ఫిర్యాదు. నిబంధనలకు విరుద్ధంగా నియమితులైన నాన్‌లోకల్ ఉద్యోగులను వాళ్ల జోన్లకు తిప్పిపంపాలంటూ 1985 డిసెంబరు 30న ఎన్టీ రామారావు ప్రభుత్వం 610 జీవో ఇచ్చింది. గడువు 1986 మార్చి. గడువు పోయింది, జీవో నంబరు మాత్రం నినాదమై నిలిచింది. 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేసి ఉల్లంఘనలను లెక్కపెట్టాల్సి వచ్చింది. 2009 అక్టోబరులో హైదరాబాద్ పోలీసు నియామకాల విషయంలో నగరం ఫ్రీజోన్ అని సుప్రీంకోర్టు చెప్పినప్పుడు, ఉత్తర్వుల్లోని 14-ఎఫ్ అనే చిన్న ఉపనిబంధన తెలంగాణలో ఇంటింటి మాటైంది. ఆ నిరసన సెగ చల్లారకముందే నవంబరు 29న కె. చంద్రశేఖర్ రావు నిరాహారదీక్షకు దిగారు. డిసెంబరు 9 రాత్రి కేంద్రం ప్రకటన వచ్చింది. 14-ఎఫ్‌ను తర్వాత తొలగించారు. అప్పటికి పోరాటం దాన్ని దాటిపోయింది. తెలంగాణ వాదానికి నీళ్లు, నిధులు, నియామకాలని మూడు కాళ్లుంటే, మూడో కాలు నిలబడింది ఈ లోకల్ అనే మాట మీదే.

రాష్ట్రం ఏర్పడితే గొడవ తీరుతుందని ఎవరైనా అనుకుని ఉంటే పొరపాటు. 2018లో తెలంగాణకు కొత్త రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. ఏడు జోన్లు, రెండు మల్టీజోన్లు, 95 శాతం లోకల్ కోటా. స్థానికతకు కొలత కూడా మారింది. ఒకటి నుంచి ఏడో తరగతి లోపు నాలుగేళ్ల చదువు చూస్తారు. బాల్యం ఎక్కడ గడిస్తే అక్కడివాడు అన్నమాట. ఇందులో న్యాయం ఉంది, కార్పొరేట్ కాలేజీ కోసం ఊరు మారినవాడు స్థానికత పోగొట్టుకోడు. ఈ ఉత్తర్వులకు తగ్గట్టు ఉద్యోగులను కొత్త జిల్లాలకు సర్దడానికి 2021 డిసెంబరులో 317 జీవో వచ్చింది. సర్దింది మాత్రం సీనియారిటీ చూసి. లోకల్ కేడర్ ఏర్పాటు పేరిట సొంత జిల్లా దాటి వెళ్లిన జూనియర్ టీచర్లు రోడ్డెక్కారు.

ఈ మాట తెలుగువాళ్ల సొంత జబ్బేమీ కాదు. జార్ఖండ్‌లో 1932 నాటి భూమి సర్వే రికార్డుల్లో తాతముత్తాతల పేరుంటేనే స్థానికుడనే బిల్లును 2022 నవంబరులో అసెంబ్లీ ఆమోదించింది, గవర్నరు తిప్పిపంపారు. ప్రభుత్వ ఉద్యోగాలు కరిగిపోతున్నకొద్దీ రాష్ట్రాల చూపు ప్రైవేటు ఫ్యాక్టరీల మీద పడింది. 2019లో ఆంధ్రప్రదేశ్ పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకేనని జగన్మోహన్‌రెడ్డి ప్రభుత్వం చట్టం చేసింది. హర్యానా నెలకు 30 వేల లోపు జీతాలకు అలాంటి చట్టమే తెస్తే 2023 నవంబరులో పంజాబ్, హర్యానా హైకోర్టు కొట్టేసింది. 2024 జూలైలో కర్ణాటక కేబినెట్ ఇదే బాట పట్టింది. కన్నడం రాయడం, చదవడం వస్తేనే లోకల్ అన్నది అక్కడి షరతు. ఐటీ కంపెనీలు కేకలేయడంతో రెండ్రోజుల్లోనే బిల్లు అటకెక్కింది. ఆ సందడిలో నారా లోకేశ్ ఆ కంపెనీలను విశాఖ రమ్మని పిలిచారు. ఐదేళ్ల కిందట 75 శాతం చట్టం చేసింది ఆ రాష్ట్రమే. చేసిన పార్టీ వేరు, పిలిచిన పార్టీ వేరు, అది నిజమే.

బయటికి వెళ్తే తెలుగువాడే నాన్‌లోకల్. ముంబైలో కామాఠీపురకు ఆ పేరు వచ్చింది నిజాం రాజ్యం నుంచి వలసవెళ్లి నగరాన్ని కట్టిన తెలుగు కూలీల వల్లే. 1966లో శివసేన పుట్టినప్పుడు దాని మొదటి గురి దక్షిణాదివాళ్లు. గురి మారాక 2008 అక్టోబరులో రైల్వే పరీక్ష రాయడానికి వచ్చిన ఉత్తరాది కుర్రాళ్లు తన్నులు తిన్నారు. గల్ఫ్‌లో పనిచేసే కరీంనగర్, నిజామాబాద్ వలస కూలీలకైతే లోకల్ అంటే అరబ్బు, అంటే వీసా ఇచ్చే కఫీల్. సౌదీ అరేబియా 2011లో 'నితాకత్' పేరిట కంపెనీల్లో సొంత పౌరుల కోటా బిగించినప్పుడు ఆ ఇళ్లలో పడిన గుబులు, హైదరాబాద్‌లో 95 శాతం కోటాను మెచ్చుకున్న ఇళ్లలోదే.

ఇప్పుడు అసలు కాక వైద్యవిద్యలో ఉంది. విభజన చట్టం ప్రకారం ప్రవేశాల్లో పదేళ్లపాటు పాత పద్ధతే సాగింది. 2024 జూన్ 2తో ఆ గడువు ముగిసింది. జూలైలో తెలంగాణ 33 జీవో ఇచ్చింది. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా వరుసగా నాలుగేళ్లు తెలంగాణలోనే చదివి, అర్హత పరీక్ష ఇక్కడే పాసైనవాళ్లే మెడికల్ సీట్లకు లోకల్. దెబ్బ ఎవరికి తగిలిందో చెప్పనక్కర్లేదు. ఇంటర్‌కు విజయవాడ పంపడం, నీట్ కోచింగ్‌కు కోటా పంపడం తెలంగాణ మధ్యతరగతికి మామూలే. ఆలంపూర్ ప్రాంతంవాళ్లకైతే పెద్ద చదువులున్న దగ్గరి పట్నం తుంగభద్ర అవతలి కర్నూలు. వంతెన దాటితే వేరే రాష్ట్రం.

తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. తెలంగాణ శాశ్వత నివాసులకు ఆ నిబంధన వర్తించరాదని 2024 సెప్టెంబరులో హైకోర్టు అన్నది. శాశ్వత నివాసి ఎవరో తేల్చే కొలత లేదన్నది ప్రభుత్వ వాదన. అందులో పస ఉంది, కొలత లేని చోట తహసీల్దారు సంతకమే కొలత అవుతుంది. 2025 సెప్టెంబరు 1న ప్రధాన న్యాయమూర్తి గవాయ్, జస్టిస్ వినోద్ చంద్రన్‌ల ధర్మాసనం హైకోర్టు తీర్పును పక్కనపెట్టి నాలుగేళ్ల నిబంధనను సమర్థించింది. ఉద్యోగరీత్యా బయట ఉండే ప్రభుత్వోద్యోగులు, సైనికుల వంటివారి పిల్లలకు సడలింపు దొరికింది. ప్రైవేటు కంపెనీలో బదిలీ అయిన తండ్రికి, పుణెలో మేస్త్రీ పని చేసే తండ్రికి అది లేదు. అదే ఏడాది జనవరిలో, పీజీ వైద్య సీట్లకు నివాసాన్ని బట్టి కోటా చెల్లదని ఇదే సుప్రీంకోర్టు వేరే కేసులో తేల్చింది. ఎంబీబీఎస్‌కు పనికొచ్చే స్థానికత ఎండీకి వచ్చేసరికి పనికిరాదు.

ఫలితంగా ఒకే మనిషికి ఒకే రాష్ట్రంలో రెండు స్థానికతలు. ఏడో తరగతి దాకా గద్వాలలో చదివి, పైచదువు కర్నూలులో పూర్తిచేసిన అమ్మాయిని తీసుకోండి. తెలంగాణలో గ్రూప్-1 రాస్తే ఆమె లోకల్. అదే తెలంగాణలో ఎంబీబీఎస్ సీటుకు నాన్‌లోకల్. ఆమె డాక్టరవుతుందో లేదో తేల్చే ప్రశ్నల్లో ఒకదానికి జవాబు పదమూడో ఏటే, ఎనిమిదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలంలో, ఇంట్లోవాళ్లు ఇచ్చేయాలి. ఏ ఊరి హాస్టల్‌కు ట్రంకు పెట్టె మోస్తారన్నదే ఆ జవాబు.